చెవి వెనక మెషీన్

మనిషి, యంత్రం ఒకటైపోయే రోజు ఎప్పుడొస్తుందని అడిగితే ఎవరైనా ముప్పై నలభై ఏళ్ల తర్వాతి మాట చెబుతారు. నాకు మాత్రం మా వీధిలోని ఆరేళ్ల పాప గుర్తొస్తుంది. పుట్టుకతోనే వినపడదు. ఇప్పుడు చెవి వెనక చిన్న మెషీన్, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర తలకు అయస్కాంతంతో అతుక్కునే బిళ్ల ఉంటాయి. చర్మం కింద ఇంకో భాగం, లోపలి చెవిలోకి సన్నటి తీగ. దాన్నే కాక్లియర్ ఇంప్లాంట్ అంటారు. ఆరోగ్యశ్రీ కింద మన దగ్గర ఎందరో చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ జరిగింది.

మామూలు చెవిలో శబ్దాన్ని నరానికి అందించే పని ముఖ్యంగా సుమారు 3,500 రోమకణాలు చేస్తాయి. ఇంప్లాంట్‌లో ఆ పనికి సాధారణంగా ఉండేవి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు, అంటే నరానికి కరెంటు అందించే చిన్న లోహపు బిందువులు. అంత తక్కువ వాటితో తెలుగు ఎలా వినపడుతుంది? మిగతా కష్టమంతా మెదడు పడుతుంది. మెషీన్ ఆన్ చేసిన రోజు పాపకు వినిపించింది అమ్మ గొంతు కాదు, అర్థంకాని చప్పుడు. తర్వాత నెలల తరబడి థెరపీ. వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "బంతి ఏది?" అని అడిగేది. పెదాలు కనపడితే పాప చూసి అర్థం చేసుకుంటుంది, వినడం నేర్చుకోదు. మొదటి మూడు నాలుగేళ్లలో శబ్దం అందకపోతే, వినాల్సిన మెదడు భాగం వేరే పనులకు మళ్లిపోతుంది. డాక్టర్లు అంత తొందరపెట్టేది అందుకే.

ఇప్పుడు రెండో దారి కూడా తెరుచుకుంది. మెదడులోని మాట బయటికి రావడం. పక్షవాతంతోనో నరాల జబ్బుతోనో నోరు కదలకపోయినా, మాట్లాడాలని ప్రయత్నించినప్పుడు మెదడులో ఆ సంకేతాలు పుడుతూనే ఉంటాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వాటిని పట్టుకుని, నిమిషానికి 62 మాటల వేగంతో తెర మీద అక్షరాలుగా మార్చారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోనే డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు కండరాలను కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్‌ఎస్ జబ్బుతో మాట పోయిన వ్యక్తికి పాత రికార్డింగుల సాయంతో ఆయన గొంతులాంటి గొంతునే తిరిగిచ్చారు. అది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

కృత్రిమ మేధ అవసరం ఇక్కడే. మెదడు సంకేతాల నిండా రొద ఉంటుంది. వాటినుంచి ఒక్కో ధ్వనినీ అంచనా వేసి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లెక్కగట్టి ఖాళీలు పూరించాలి. ఆ రెండు ప్రయోగాలూ ఇంగ్లీషులో జరిగాయి. మన భాషలో క్రియ చివరి ముక్కలోనే అర్థం తేలిపోతుంది. "రావద్దు" అనుకున్న మనిషి తరఫున యంత్రం "రావచ్చు" అనేస్తే? అందుకే పూరించిన మాట తనదో కాదో చెప్పే వీలు, కాదంటే ఆపేసే వీలు ఆ మనిషి చేతిలోనే ఉండాలంటాను.

నాకు అంతకన్నా పెద్ద దిగులు ఇంకోటి ఉంది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలోనే మొదటిసారి శరీరం లోపల పేస్‌మేకర్, అంటే గుండె లయ తప్పకుండా చూసే యంత్రం, అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన 2001 దాకా బతికారు, ఆ 43 ఏళ్లలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ. ఒంట్లో యంత్రం పెట్టడం ఒక్కరోజు పని కాదు, దాన్ని బతికినంతకాలం ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆర్గస్ 2 అనే కంటి ఇంప్లాంట్ విషయంలో అలా చూసుకునేవాళ్లే లేకుండా పోయారు. కంటి లోపలి వెనక పొర రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్లతో చీకట్లో కాస్త వెలుగు చూపించిన పరికరం అది. ప్రపంచమంతా కలిపి 350 మంది దాకా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ తయారీ ఆపేసింది, మరుసటి ఏడు దివాలా అంచుకొచ్చింది. పాడైతే బాగుచేసేవాళ్లు లేక, కొందరి కళ్లలో ఆ పరికరం ఉత్త లోహంగా మిగిలిపోయింది.

ఒంట్లో పెట్టే ఏ యంత్రానికైనా, అమ్మిన కంపెనీ ఉన్నా పోయినా విడిభాగాలు దొరికేలా చట్టం ఉండాలి. రిపేరు ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చులో భాగమే అనుకోవాలి. పోయిన నెల మా వీధి పాప మెషీన్ వైరు తెగింది. వారంటీ అయిపోయింది. వాళ్ల నాన్న అప్పు చేసి కొత్తది తెప్పించేదాకా పదకొండు రోజులు పాప బడికి వెళ్లలేదు.