పాలు పాడయ్యేలోగా నడవాల్సిన కేసు

కల్తీ పాల కేసు కోర్టులో వీగిపోయిందని తెలిస్తే చట్టంలో పస లేదని తిట్టుకుంటాం. నాకైతే చిక్కంతా శాంపిల్ దగ్గరే కనిపిస్తుంది. దొంగసొత్తుకి సీలు వేసి ఏళ్లకేళ్లు దాచి, విచారణ రోజున జడ్జి ముందు పెట్టొచ్చు. పాలు, పెరుగు, మాంసం అన్నాళ్లు ఆగవు.

ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1918లో, అక్కడ కల్తీ నివారణ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం కావాలని పార్లమెంటు 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. 1955 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

దాని ప్రకారం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సాక్షుల్ని పిలిచి, శాంపిల్‌ని మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి అమ్మినవాడికి, ఒకటి పబ్లిక్ అనలిస్టుకి (ప్రభుత్వం నియమించిన ఆహార పరీక్ష నిపుణుడికి), మూడోది కోర్టు కోసం ఇన్‌స్పెక్టర్ దగ్గర. పాలు చెడిపోకుండా 25 మిల్లీలీటర్లకి రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ కలపాలని నిబంధనల్లోనే రాశారు. అనలిస్టు రిపోర్టు తప్పనిపిస్తే మరో భాగాన్ని కేంద్ర ఆహార ప్రయోగశాలకి పంపమని నిందితుడు అడగొచ్చు. అక్కడి సర్టిఫికెట్ వచ్చాక మొదటి రిపోర్టు చెల్లదు.

ఈ హక్కు ఎంత విలువైనదో 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ ఒక పెరుగు వ్యాపారి మీద పెట్టిన కేసు అది. కేసు వేయడానికే నెలలు పట్టింది. శాంపిల్ కేంద్ర ప్రయోగశాలకి చేరేసరికి పెరుగు పాడైపోయి, పరీక్షకి పనికిరాలేదు. అధికారుల ఆలస్యం వల్ల నిందితుడి హక్కు పోయినప్పుడు మొదటి రిపోర్టు ఒక్కదాన్ని పట్టుకుని శిక్ష వేయడం న్యాయం కాదంది కోర్టు. అతన్ని విడుదల చేసిన తీర్పే నిలిచింది. అది సరైన తీర్పేనని నా నమ్మకం. అయితే ఆ తర్వాత నిందితుల తరఫు లాయర్లకి ఆలస్యమే గట్టి వాదన అయింది. అసలు తప్పు చేసినవాళ్లకీ అదే అక్కరకొచ్చింది.

1976 సవరణతో మిగతా రెండు భాగాలూ స్థానిక ఆరోగ్య అధికారి దగ్గరే ఉంచారు. రిపోర్టు కాపీ అందిన పది రోజుల్లో నిందితుడు రెండో పరీక్ష అడగాలి. శిక్షలు కూడా పెంచారు. శిక్ష పెరిగినంత మాత్రాన శాంపిల్ ఆయుష్షు పెరుగుతుందా?

శాంపిల్ ఆయుష్షు సంగతి పట్టించుకున్నది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చి పాత చట్టాన్నీ, 1973 నాటి మాంస ఉత్పత్తుల ఉత్తర్వునీ, 1992 నాటి పాల ఉత్పత్తుల ఉత్తర్వునీ తనలో కలుపుకుంది. ఇప్పుడు శాంపిల్ నాలుగు భాగాలు. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్తుంది. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. నాసిరకం, తప్పుడు లేబుల్ లాంటి కేసులు అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయి అధికారి ముందుకే వస్తాయి, జరిమానాతో తేలతాయి. ప్రాణాలకి ముప్పు తెచ్చే ఆహారమైతే కోర్టుకే వెళ్తుంది.

ఈ దారి వదిలి పోలీసులు నేరుగా అప్పటి ఐపీసీలో ఆహార కల్తీకి, హానికర ఆహారం అమ్మకానికి సంబంధించిన 272, 273 సెక్షన్ల కింద కేసులు పెట్టడమూ జరిగింది. ప్రమాదకర ఆహారం విషయంలో 2006 చట్టానిదే పైచేయి అని, రెండింటి కిందా ఒకేసారి విచారణ కుదరదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఇలాంటి కేసుల్లో ఇక నాలుగు సీలు డబ్బాలు, 14 రోజుల గడువు తప్పించుకునే అడ్డదారి లేదు.