తక్కువ బడ్జెట్లో ఫుల్ ఫ్రేమ్: బాడీ కొనేశాక లెన్స్‌కి డబ్బులేవి?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్దామనుకుంటున్నా, లక్షన్నర ఉంది, ఏ బాడీ తీసుకోమంటావ్?" ఫుల్ ఫ్రేమ్ అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా, బాడీ అంటే లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే. విజయవాడలో పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళు తీశాను. ఇప్పుడు కెమెరాలు రెంట్‌కి ఇస్తున్నాను, సెకండ్ హ్యాండ్‌వి కొని అమ్ముతున్నాను. అందుకే ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఏం కొన్నారో, ఏడాది తిరక్కుండా ఏం అమ్ముకున్నారో కూడా నాకు తెలుస్తుంది. బాడీ బాగోలేక అమ్మేవాళ్ళు తక్కువ. డబ్బంతా బాడీకే పెట్టేసి, దాంతో వచ్చిన కిట్ లెన్స్‌తో రెండు సీజన్లు అవస్థపడి, "ఇది చీకట్లో పనికిరాదన్నా" అంటూ తెచ్చి కౌంటర్ మీద పెట్టేవాళ్ళే ఎక్కువ.

పోయినేడాది తెనాలి వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ళమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కానన్ ఆర్8 కొన్నాడు, 24-50 కిట్ లెన్స్‌తో. ఊళ్ళో ఇంటి ముందు పందిరి, తెల్లవారుజామున ముహూర్తం. కార్డు తీసి నా సిస్టమ్‌లో పెట్టి తలంబ్రాల ఫొటోలు చూపించాడు. బియ్యపు గింజలన్నీ తెల్లటి గీతలు. పెళ్ళికూతురు చెయ్యి ఉండాల్సిన చోట పసుపు మరక. నాయిస్ (చీకటి ఫొటోల్లో పడే రంగు చుక్కలు) పోగొడదామని సాఫ్ట్‌వేర్‌లో లాగితే ఆ అమ్మాయి మొహం మైనపు బొమ్మలా తయారైంది. సెట్టింగ్స్ చూశాను: షట్టర్ 1/60, ఎపర్చర్ 6.3, ఐఎస్ఓ 12800. ఎపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచాలి, దాంతో నాయిస్ కనిపిస్తుంది. పెళ్ళివారు మిగతా డబ్బు ఇచ్చేది లేదన్నారట. "కెమెరా పాడైందా అన్నా?" అని అడిగాడు, గొంతు సరిగ్గా రావట్లేదు.

పాడవలేదు. ర్యాక్‌లోంచి 50 ఎమ్ఎమ్ 1.8 లెన్స్ తీసి అదే బాడీకి పెట్టాను. షాపు వెనక గదిలో ఒక్క బల్బు వేసి, మా అబ్బాయిని గుప్పెడు బియ్యం పైనుంచి వదలమన్నాను. షట్టర్ 1/400, ఎపర్చర్ 1.8, ఐఎస్ఓ 6400. ఫోకస్ పడిన చోట గింజ గింజా విడివిడిగా ఆగింది. ఆ కుర్రాడు స్క్రీన్ మీద జూమ్ చేసి చాలాసేపు చూశాడు.

అందరి డబ్బూ ఎక్కువగా పోయేది ఈ అపోహ దగ్గరే: ఫుల్ ఫ్రేమ్ ఉంటే చాలు, చీకట్లో కూడా ఫొటో క్లీన్‌గా వస్తుందని. ఎవరో వీడియోలో చెప్తారు, అది విని పదిమంది నమ్ముతారు. ఒక్కసారి లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, క్రాప్ అని పిలిచే చిన్న సెన్సర్, ఏపీఎస్-సీ, సుమారు 23.5×15.6. విస్తీర్ణం రెండింతలకు కాస్త పైన. అంటే మనకు కలిసొచ్చేది ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్), ఇంకొంచెం. అంతే. ఎపర్చర్ 2.8 నుంచి 6.3కి వెళ్తే మాత్రం పోయేది రెండు స్టాపుల పైన. ఒక చేత్తో తీసుకున్నదానికి రెండింతలు ఇంకో చేత్తో ఇచ్చేస్తున్నాం.

మండపంలో క్రాప్ బాడీ మీద సిగ్మా 18-50 ఎఫ్ 2.8తో ఐఎస్ఓ 3200 వస్తోందనుకుందాం. అక్కడే, అదే షట్టర్ స్పీడ్‌కి, ఫుల్ ఫ్రేమ్ మీద కిట్ లెన్స్ జూమ్ చేసి 6.3లో తీస్తే ఐఎస్ఓ 16000 దాకా పోవాలి. సెన్సర్ పెద్దది కాబట్టి ఆ నాయిస్, క్రాప్‌లో 7000 దగ్గర కనిపించేంత ఉంటుంది. అయినా పాత కెమెరా 3200 కంటే ఎక్కువే కదా! లక్షకు పైగా పోసి నాయిస్ పెంచుకున్నట్టు. జూమ్ చేయకుండా 24 దగ్గర 4.5లో తీస్తే రెండూ దాదాపు సమానం. పెళ్ళిలో ఎంతసేపు 24 దగ్గరే ఉండగలం?

అందుకని నన్నడిగితే ముందు లెన్స్ అనుకోండి, మిగిలినదాంట్లో బాడీ చూడండి. బాడీ రేటు కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ పడుతుంది. మంచి లెన్స్ రేటు అంత తొందరగా పడదు, పదేళ్ళయినా పని చేస్తుంది. సోనీ ఏ7 3 వచ్చింది 2018లో. 24 మెగాపిక్సెల్, రెండు కార్డు స్లాట్లు, ఒక్క బ్యాటరీతో కంపెనీ లెక్క ప్రకారం 710 ఫొటోలు. ఈ రోజుకీ ఏ పెళ్ళికీ అది తక్కువ కాదు. నికాన్ జెడ్5 2020లో వచ్చింది, దానికీ రెండు స్లాట్లు, బాడీలోనే స్టెబిలైజేషన్. వీడియోకి, స్పీడ్‌కి కాస్త వెనకే, ఫొటోలకు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. చేతిలో ఏ లెన్సూ లేకుండా లక్షన్నరతో మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది సెకండ్ హ్యాండ్ ఏ7 3, దానికి టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 మొదటి వెర్షన్. ఓపిగ్గా వెతికితే ఆ డబ్బులో సర్దుకుంటుంది.

బాడీతో పాటు మౌంట్, అంటే లెన్స్ బిగించే అమరిక, కూడా కొంటున్నామని మర్చిపోతారు. సోనీ ఈ-మౌంట్‌కి సిగ్మా, టామ్రాన్, సామ్‌యాంగ్ లెన్సులు బోలెడు, సెకండ్ హ్యాండ్‌లోనూ తిరుగుతుంటాయి. కానన్ ఆర్ఎఫ్‌కి 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు అనుమతి దొరికింది ఏపీఎస్-సీ లెన్సులకే. అలాగని కానన్ వద్దనను. మీ దగ్గర పాత కానన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులుంటే అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా చక్కగా పనిచేస్తాయి. అలాంటివాళ్ళకు సెకండ్ హ్యాండ్ ఆర్6 మంచి దారి. నికాన్ వాళ్ళు మాత్రం జాగ్రత్త. పాత లెన్సులను జెడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటార్ లేదు, అందుకని పాత 50 ఎమ్ఎమ్ 1.8డి లాంటి లెన్సులకు ఆటోఫోకస్ రాదు. బాడీ కొనేసి ఇంటికెళ్ళాక ఆ సంగతి తెలిసి ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. ఇక పాత క్రాప్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్‌కి పెడితే 24 మెగాపిక్సెల్ కాస్తా పదికి దిగుతుంది.

ఇంకో మాట. ఇప్పటికే క్రాప్ బాడీ ఉండి, చేతిలో ఉన్న డబ్బు ఫుల్ ఫ్రేమ్ బాడీకి మాత్రమే సరిపోతుందంటే, కొనకండి. ఒక 2.8 జూమ్ తీసుకోండి, లేదా ఒక 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్). "ఆర్డర్ ఇచ్చేవాళ్ళు ఫుల్ ఫ్రేమేనా అని అడుగుతున్నారన్నా" అంటారు. నిజమే, అడుగుతారు, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. ఆ ఒక్క ఆర్డర్‌కి బాడీ రెంట్‌కి తీసుకోండి. బంగారం మాత్రం తాకట్టు పెట్టకండి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

మెగాపిక్సెల్ ఎక్కువుంటే ఆల్బమ్ బాగా వస్తుందంటారు. 12×36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12×18. 300 డీపీఐకి అది 5400×3600, అంటే ఇరవై మెగాపిక్సెల్ లోపే. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000. ఇక లెక్క అక్కర్లేదు.

స్టెబిలైజేషన్ ఉంటే బ్లర్ రాదనేది ఇంకోటి. అది ఆపేది మీ చేతి వణుకునే. ఎగిరే తలంబ్రాలను, డ్యాన్స్ చేసే పిల్లలను ఆపేది షట్టర్ స్పీడే. చేత్తో పట్టుకుని వీడియో తీసేవాళ్ళకు స్టెబిలైజేషన్ తప్పకుండా కావాలి, ఫొటోలవాళ్ళు దానికోసం బడ్జెట్ దాటనక్కర్లేదు.

సైలెంట్ షట్టర్ (శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఉంది కదాని పెళ్ళంతా అందులోనే తీస్తే ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటో నిండా చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. మెకానికల్ షట్టర్‌లో పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళంతా షట్టర్ కౌంట్ (షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్న అంకె) ఒక్కటే అడుగుతారు. సైలెంట్‌లో తీసినవాటికి మెకానికల్ షట్టర్ కదలదు కాబట్టి ఆ అంకె కథంతా చెప్పదు. పైగా షట్టర్ పోతే మార్చుకోవచ్చు, సెన్సర్ పోతే బాడీ పోయినట్టే. ఊరేగింపుల్లో, సంగీత్‌లో డీజేవాళ్ళు లేజర్లు తిప్పుతున్నారు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్‌కి ముందు అద్దం ఉండదు, ఆ లేజర్ నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ కాలుతుంది. పోయిన వేసవిలో ఒక బాడీ వచ్చింది, షట్టర్ కౌంట్ 18 వేలు, కొత్తదానిలా మెరుస్తోంది. లెన్స్‌కి మూత పెట్టి ఒక ఫొటో తీసి బ్రైట్‌నెస్ పెంచాను. నల్లటి ఫ్రేమ్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి గులాబీ గీత. అమ్మడానికి తెచ్చినతనికి కూడా అది తెలీదు. మీరు కొనేటప్పుడు ఇదొకటి తీయండి, సెన్సర్ మీద మచ్చలు తెలియడానికి ఎపర్చర్ 16లో పెట్టి తెల్లగోడ ఒకటి తీయండి. రెండూ ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద చూడండి.

చివరిది నా బాధ. మంచి కార్డు వాడితే ఒక్క స్లాట్ చాలంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక పెళ్ళిలో కార్డు పాడైపోయింది. మంచి కార్డే, కొని నాలుగు నెలలే అయింది. గౌరీపూజ నుంచి కాళ్ళు కడగడం దాకా ఒక్క ఫొటో రాలేదు. వీడియోలోంచి ఫ్రేములు తీసి ఆల్బమ్‌లో పెట్టించాను. ఆ పెళ్ళికూతురి నాన్నగారు మరుసటి ఏడాదే పోయారు. పళ్ళెం పట్టుకుని అల్లుడి కాళ్ళు కడుగుతున్న ఆయన ఫొటో ఆ ఇంట్లో గోడకు ఉంది, మసక మసకగా. ఈఓఎస్ ఆర్, ఆర్‌పీ, ఆర్8, సోనీ ఏ7సీ, మొదటి జెడ్6, వీటన్నిటికీ ఒక్కటే స్లాట్. సొంత సరదాకి, టూర్లకి ఏది కొన్నా ఫర్వాలేదు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ఏ7 3, జెడ్5, ఆర్6, పానసోనిక్ ఎస్5 లాంటి రెండు స్లాట్లున్నవే చూడండి. కొన్నాక మెనూలోకి వెళ్ళి రెండో స్లాట్‌ని బ్యాకప్‌లో పెట్టండి. ఓవర్‌ఫ్లోలో వదిలేస్తే మొదటి కార్డు నిండేదాకా రెండోదాంట్లో ఏమీ పడదు.