మిగిలిన చోటులో మొదలైన చదువు: అంతరిక్ష విజ్ఞానంలో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు దారులు ఏర్పడిన తీరు

విద్యార్థులు తయారుచేసిన ఉపగ్రహాలు కక్ష్యలోకి వెళ్లడం, బడి పిల్లలు వ్యోమగాములతో రేడియోలో మాట్లాడడం, అంతరిక్ష సంస్థలే ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నిర్వహించడం ఇప్పుడు ఎవరికీ వింతగా తోచడం లేదు. అయితే ఈ అవకాశాలేవీ ఒక విద్యా ప్రణాళిక ప్రకారం వరుసగా వచ్చినవి కావు. రాజ్యాల మధ్య పోటీ వల్ల కొన్ని, రాకెట్లలో ఖాళీగా మిగిలిన చోటు వల్ల కొన్ని, పట్టుదల గల ఉపాధ్యాయుల చొరవ వల్ల మరికొన్ని పుట్టాయి. ఏ అవకాశం ఎవరికి అందింది, ఎంతకాలం నిలిచింది అన్నది చాలావరకు దాని పుట్టుకను బట్టే తేలింది.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్-1 బరువు 83.6 కిలోలు. అది 20, 40 మెగాహెర్ట్జ్‌లకు అటూ ఇటూగా సంకేతాలు పంపేది కాబట్టి షార్ట్‌వేవ్ రిసీవర్ ఉన్న ఔత్సాహికులెందరో దానిని నేరుగా వినగలిగారు. అమెరికా పాలకులు మాత్రం తమ బడుల్లో సైన్సు, గణిత బోధన వెనకబడిందన్న హెచ్చరికను అందులో విన్నారు. 1958 సెప్టెంబర్ 2న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం సైన్సు, గణితం, విదేశీ భాషల బోధనకు నిధులను, విద్యార్థులకు రుణాలను సమకూర్చింది. దేశానికి ఇంజనీర్ల కొరత రాకూడదన్నదే దాని వెనుక ఉన్న ఆత్రుత. పిల్లల కుతూహలానికి అందులో దక్కింది రెండో స్థానమే.

మిగిలిన చోటును వాడుకోవడానికి తొలి ఉదాహరణ కాలిఫోర్నియాలోని ఔత్సాహిక రేడియో వారు నిర్మించిన ఆస్కార్-1. రాకెట్ సమతూకం కోసం పెట్టే బరువుకు బదులుగా, 1961 డిసెంబర్ 12న అమెరికా వైమానిక దళపు ప్రయోగంలో అది కక్ష్యకు చేరింది. సుమారు నాలుగున్నర కిలోల ఆ ఉపగ్రహం మోర్స్ లిపిలో ‘హాయ్’ అని మాత్రమే పలికేది. లోపలి ఉష్ణోగ్రత మారితే ఆ పలుకు వేగం మారేది కాబట్టి, విన్నవారు గడియారం పట్టుకుని లెక్కవేసి ఉపగ్రహం ఎంత వేడెక్కిందో చెప్పగలిగేవారు. కొలత ఎలా పుడుతుందో నేర్పడానికి ఇంతకంటే సరళమైన పాఠం దొరకడం కష్టం.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లోని కెట్టరింగ్ గ్రామర్ స్కూల్లో జరిగిన పని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. అక్కడి భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు జెఫ్రీ పెర్రీ, రేడియో అభిరుచి గల సహోపాధ్యాయుడు డెరెక్ స్లేటర్ 1960లో సోవియట్ ఉపగ్రహాల సంకేతాలను పట్టడం మొదలుపెట్టారు. ఉపగ్రహం దగ్గరికి వచ్చేటప్పుడు, దూరమయ్యేటప్పుడు సంకేతపు పౌనఃపున్యంలో కలిగే తేడాను, అంటే డాప్లర్ ప్రభావాన్ని, విద్యార్థులకు ప్రత్యక్షంగా చూపడమే మొదటి ఉద్దేశం. రానురాను విద్యార్థులు ప్రతి ఉపగ్రహం ఏ వేళకు వినిపిస్తోందో రాసిపెట్టి, దాని పరిభ్రమణ కాలాన్ని, భూమధ్యరేఖతో దాని కక్ష్య చేసే కోణాన్ని లెక్కకట్టడం నేర్చుకున్నారు. 1966 మార్చిలో ప్రయోగించిన కాస్మాస్-112 మార్గం సోవియట్ ప్రయోగ కేంద్రం బైకనూర్ నుంచి జరిగే ప్రయోగాల మార్గాలతో పొసగలేదు. ఆ తర్వాతి ప్రయోగాల లెక్కలను కూడా పోల్చి చూసినప్పుడు, సోవియట్ యూనియన్ ఉత్తర ప్రాంతంలో ఎవరూ ప్రకటించని ప్రయోగ కేంద్రం ఒకటి ఉన్నట్టు తేలింది. అదే ప్లెసెట్‌స్క్. పాశ్చాత్య నిఘా సంస్థలకు ఆ సంగతి అప్పటికే తెలిసినా, బయటి ప్రపంచానికి చెప్పింది మాత్రం ఈ బడే. సోవియట్ ప్రభుత్వం ఆ కేంద్రం ఉనికిని ఒప్పుకోవడానికి 1983 దాకా పట్టింది. కెట్టరింగ్ బృందానికి ఏ అంతరిక్ష సంస్థా అవకాశం కల్పించలేదు. ఆకాశం నుంచి అందరికీ వచ్చే సంకేతాన్నే వారు పాఠంగా మలుచుకున్నారు.

సంస్థలు తామే తలుపు తెరిచిన సందర్భాల్లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముఖ్యమైనది. ఆ కేంద్రంలో చేయదగిన ప్రయోగాలను సూచించమని నాసా అమెరికా ఉన్నత పాఠశాలలను కోరితే 3,400కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి; వాటిలో 25 ఎంపికయ్యాయి. భారరహిత స్థితిలో సాలీడు గూడు అల్లగలదా అన్న ప్రశ్న మసాచుసెట్స్ విద్యార్థిని జూడిత్ మైల్స్‌ది. 1973లో అరబెల్లా, అనిటా అనే రెండు సాలీళ్లు అంతరిక్షానికి వెళ్లాయి. మొదట తడబడిన అరబెల్లా కొద్ది రోజుల్లో చక్కటి గూడే అల్లింది. ఇది గొప్ప ఘట్టమే. అయినా పోటీ పద్ధతిలో గెలిచిన 25 మందికి దక్కిన అనుభవానికీ, ప్రతిపాదన పంపి ఊరుకున్న వేలమందికి దక్కినదానికీ పోలికే లేదన్న సంగతిని విస్మరించలేము.

ఉపాధ్యాయుడినే కక్ష్యకు పంపాలన్న ఆలోచనను అధ్యక్షుడు రీగన్ 1984 ఆగస్టులో ప్రకటించారు. దరఖాస్తు చేసిన 11,000 మందికి పైగా ఉపాధ్యాయుల నుంచి న్యూహాంప్‌షైర్‌కు చెందిన క్రిస్టా మెకాలిఫ్ ఎంపికయ్యారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక నింగికెగసిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఆమెతో సహా అందులోని ఏడుగురూ మరణించారు. ఆ కుటుంబాలు అదే ఏడాది ఒక విద్యాసంస్థను నెలకొల్పాయి. పిల్లలే నియంత్రణ గది సిబ్బందిగా, వ్యోమగాములుగా పనిచేసే దాని తొలి అభ్యాస కేంద్రం 1988లో హ్యూస్టన్‌లో తెరుచుకుంది. మెకాలిఫ్‌కు ప్రత్యామ్నాయంగా శిక్షణ పొందిన బార్బరా మోర్గాన్ 2007 ఆగస్టులో అంతరిక్షానికి వెళ్లగలిగారు. మెకాలిఫ్ చేసి చూపాలనుకున్న ప్రయోగాల్లో కొన్నింటిని, పూర్వాశ్రమంలో ఉపాధ్యాయులైన ఇద్దరు వ్యోమగాములు 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేసి చిత్రీకరించారు.

ఆ ప్రమాదం వల్లనే మరో ప్రయోగం అనుకోకుండా సాగిపోయింది. 1984 ఏప్రిల్‌లో ఛాలెంజర్ కక్ష్యలో వదిలిన ఒక పరిశోధన వేదికపై 1.25 కోట్ల టమాటా విత్తనాలున్నాయి. ఏడాది లోపే వెనక్కి తేవలసిన వాటిని 1990 జనవరిలో గాని తేలేకపోయారు. ఆ విత్తనాలను, భూమి మీదే ఉంచిన విత్తనాలతో జతచేసి, బడులకు పంచారు. 30 లక్షలకు పైగా విద్యార్థులు వాటిని నాటి పోల్చి చూశారు. అంతరిక్షంలో ఉండివచ్చిన టమాటాలు తినవచ్చా అన్న అనుమానం పత్రికల దాకా పాకింది గానీ, మొలకెత్తడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రతి తరగతి గదికీ ఒక పొట్లం అందిన ఈ పద్ధతి స్కైలాబ్ పోటీ కంటే ఎంతో విశాలమైనది.

ఉపాధ్యాయుల శిక్షణకు ఉపగ్రహాన్నే వాడిన ప్రయత్నం భారతదేశంలో జరిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ కూడా అందులో భాగం. పూర్తిగా విద్య కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబర్‌లో వచ్చింది. ఈలోగా ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ప్రాంతీయ అంతరిక్ష విద్యా కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆసియా, పసిఫిక్ దేశాల కోసం 1995లో డెహ్రాడూన్‌లో స్థాపించినది వాటిలో ఒకటి.

విశ్వవిద్యాలయాల స్థాయిలో అసలు మలుపు 1999లో వచ్చింది. కాలిఫోర్నియా పాలిటెక్నిక్‌కు చెందిన జోర్డి పుయిగ్-సువారీ, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బాబ్ ట్విగ్స్ కలిసి, ఒక్కో పక్క 10 సెంటీమీటర్లు ఉండే ఘనాకారపు చిన్న ఉపగ్రహం క్యూబ్‌శాట్‌కు కొలతలు నిర్ణయించారు. దాని చిన్న పరిమాణం కంటే దానిని మోసుకెళ్లే మూసిన పెట్టెదే ఇందులో గొప్ప పాత్ర అని నా అభిప్రాయం. విద్యార్థుల ఉపగ్రహంలో ఏ భాగం ఊడినా ఆ పెట్టెలోనే ఉండిపోతుంది. కోట్ల విలువ చేసే ప్రధాన ఉపగ్రహానికి ముప్పు ఉండదు. ఆ భరోసాతోనే ప్రయోగ సంస్థలు మిగిలిన చోటును ధైర్యంగా ఇవ్వసాగాయి. తొలి క్యూబ్‌శాట్లు 2003 జూన్ 30న కక్ష్యకు వెళ్లింది కెట్టరింగ్ విద్యార్థులు లెక్కకట్టి కనిపెట్టిన ఆ ప్లెసెట్‌స్క్ నుంచే. వాటిలో కొన్ని ఒక్క సంకేతమైనా పంపలేదు. టోక్యో విద్యార్థుల ఉపగ్రహం మాత్రం ఏళ్ల తరబడి పనిచేసింది.

ఇంటర్నెట్ వచ్చాక ఉపగ్రహం కూడా తప్పనిసరి కాలేదు. గెలాక్సీల చిత్రాలను వర్గీకరించమని ప్రజలను కోరిన గెలాక్సీ జూ 2007లో మొదలైన కొద్ది వారాల్లోనే, నెదర్లాండ్స్ ఉపాధ్యాయురాలు హనీ వాన్ ఆర్కెల్ అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక వెలుగుతున్న వాయు మేఘాన్ని పట్టుకున్నారు. 2015లో మొదలైన ఆస్ట్రో పై కార్యక్రమంలో పిల్లలు రాసిన ప్రోగ్రాములు అంతరిక్ష కేంద్రంలోని చిన్న కంప్యూటర్లపై నడుస్తున్నాయి.

2000 డిసెంబర్‌లో షికాగో సమీపంలోని ఒక బడితో మొదలైన అంతరిక్ష కేంద్రపు రేడియో సంభాషణలు నేటికీ కొనసాగుతున్నాయి. కేంద్రం ఒక చోటి ఆకాశాన్ని దాటే వ్యవధిని బట్టి మాట్లాడడానికి దొరికేది సుమారు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కావాలనుకున్న బడి ముందుగా ఒక విద్యా ప్రతిపాదన పంపాలి. రేడియో తరంగాలు, కక్ష్యలు, అంతరిక్ష జీవనం వంటి విషయాలను ఏ తరగతిలో, ఎవరు, ఎలా బోధిస్తారో అందులో ఉపాధ్యాయులు వివరించాలి. ఎంపిక ప్రధానంగా ఆ ప్రతిపాదన మీదే ఆధారపడుతుంది.