మోకాళ్ల సంగతి సరే సార్, ఎక్కుడు రోడ్డు తొక్కుతున్నారా?

అనంతపురం నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు ఉత్తరం రాశారు. వయసు 68. ఉద్యోగం చేసినన్నాళ్లూ పల్లె బడికి సైకిలు మీదే పోయి వచ్చారట. రిటైరయ్యాక మానేశారు. ఇప్పుడు మళ్లీ తొక్కుదామని పాత సైకిలు బయటికి తీస్తే ఇంట్లో గొడవ. "ఈ వయసులో సైకిలేంది మామా, మోకాళ్లు అరిగిపోవా?" అని కోడలు. "పడితే తుంటి ఇరుగుతాది, చూసుకునేదానికి నాకు చేతనైతాదా?" అని ఇంటావిడ. శనివారం శనీశ్వరుడికి తైలాభిషేకం చేయిస్తే మోకాళ్ల పట్టు వదులుతుందని పక్కింటాయన సలహా. ఆయన అడిగింది ఒక్కటే: సైకిలు తొక్కితే మోకాళ్లు అరుగుతాయా, అరగవా?

తైలం సంగతి ముందు తేల్చేద్దాం. విగ్రహం మీద పోసినా, మోకాలి మీద పోసినా నూనె కీలు లోపలికి చేరదు. మర్దన చేస్తే పైకండరాలకి కాస్త హాయి, అంతవరకే. ఆ డబ్బుతో సైకిలుకి కొత్త చైను, బ్రేకు రబ్బర్లు వేయించుకోవచ్చు.

అరుగుదల ప్రశ్నకు మాత్రం కొలతలతోనే జవాబుంది. బెర్లిన్‌లో ఛారిటే అనే పెద్ద ఆసుపత్రి పరిశోధకులు, మోకాలి మార్పిడి ఆపరేషన్లో అమర్చే కృత్రిమ కీలు లోపలే బరువు కొలిచే సెన్సర్లు పెట్టారు. అలాంటి కీళ్లు వేయించుకున్న కొద్దిమందిని నడిపించారు, మెట్లెక్కించి దించారు, సైకిలు తొక్కించారు. నడిచేటప్పుడు మోకాలి మీద పడే బలం ఒంటి బరువుకు సుమారు 2.6 రెట్లు. మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. వ్యాయామం సైకిలు మీద 60 వాట్ల శక్తితో తొక్కినప్పుడు 1.2 రెట్లు. అంటే 60 కిలోల మనిషి మోకాలి మీద నడకలో 156 కిలోల బరువు పడితే, సైకిలు మీద 72 కిలోలు. సీటు మన బరువును మోస్తుంది కాబట్టి ఇది వింతేమీ కాదు. పైగా కీలులో ఎముకల చివర్ల మీద మెత్తటి పొరలా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, ఒత్తిడి పడి, వదిలితేనే దానికి చుట్టూ ఉన్న ద్రవం నుంచి ఆహారం అందుతుంది. కోడలుగారికి ఈ లెక్క చూపించి, మేడ మెట్లు రోజుకు ఎన్నిసార్లు దిగుతుందో ఆమెనే అడగండి. వాపు, ఎరుపు, రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి ఉంటే మాత్రం ముందు డాక్టరును కలవాలి.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది సార్. నాకు మోజంతా దాని మీదే. ముసలితనంలో మనల్ని మంచాన పడేసేది చాలాసార్లు కీలు కాదు, కండ. ఆ కండ పోవడం కూడా ఒక్క కండలోనే మొదలవదు, నరంలోనూ మొదలవుతుంది. మాకు బడిలో చెప్పిన కండరాల పాఠంలో బొమ్మ గీస్తే ఎముక, కండ, వాటిని అతికించే స్నాయువు ఉండేవి. నరం ఉండేది కాదు. కరెంటు లైను గీయకుండా బోరు మోటారు గీసినట్టు.

మన పొలాల సంగతే తీసుకోండి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద కొన్ని బోరు మోటార్లు ఉంటాయి. అది ఆన్ అయితే దాని కింద ఉన్నవన్నీ తిరుగుతాయి, కాలిపోతే అన్నీ ఆగుతాయి. వెన్నుపాములో ఉండే చాలక నాడీకణం (కండను కదిలించే నరాల కణం) అలాంటి ట్రాన్స్‌ఫార్మరే. దాని తీగ వెన్ను దగ్గర బయల్దేరి పిక్కదాకా దాదాపు మీటరు పొడవు సాగి, చివర్లో చీలి, ఒక్కో చీలిక ఒక్కో కండర తంతువుకు, అంటే కండలోని సన్నటి పోగుకు, తగులుకుంటుంది. కంటిగుడ్డును తిప్పే కండరంలో ఒక నాడీకణం కింద పది, పన్నెండు తంతువులే ఉంటాయి. పిక్కలో వెయ్యి, రెండు వేలు ఉండొచ్చు. 25 కేవీఏ చిన్న పెట్టె కింద నాలుగు మోటార్లు, 100 కేవీఏ పెద్ద పెట్టె కింద పదిహేను మోటార్లు ఉన్నట్టే అనుకోండి.

అరవై దాటాక ఈ ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కొక్కటే కాలిపోవడం ఎక్కువవుతుంది. 75 ఏళ్లు వచ్చేసరికి కాళ్లను నడిపే నాడీకణాల్లో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా పోయి ఉంటాయి. దిక్కులేని తంతువులు చిక్కిపోతాయి, కొన్నాళ్లకు మాయమవుతాయి. అయితే ఒంట్లో కూడా ఒక లైన్‌మన్ ఉన్నాడు. పక్క పొలంలో బతికున్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి కొత్త వైరు లాగి, ఎండబోతున్న మోటార్లకు తగిలిస్తాడు. పక్క నాడీకణం తీగకు మొలకలాంటి కొమ్మ వచ్చి, అనాథ తంతువును పట్టుకుంటుంది. వైరు త్వరగా పడితే తంతువు బతుకుతుంది, ఆలస్యమైతే లేదు. మాంచెస్టర్ పరిశోధకులు 2018లో చూపించింది ఇదే: కండ బాగా కరిగిపోయిన ముసలివాళ్లలోనూ, కండ నిలబెట్టుకున్న ముసలివాళ్లలోనూ నాడీకణాలు తగ్గాయి. నిలబెట్టుకున్నవాళ్లలో మిగిలిన ఒక్కో నాడీకణం కింద తంతువులు పెరిగాయి. కరిగిపోయినవాళ్లలో పెరగలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు ఇద్దరికీ కాలాయి, వైర్లు ఒకరికే పడ్డాయి.

వైరు పడేది ఎవరికి? ఆస్ట్రియాలో డెబ్భైకి అటూ ఇటూ ఉన్నవాళ్ల తొడ కండ నుంచి చిన్న ముక్క తీసి చూశారు. ఏళ్ల తరబడి వ్యాయామం మానని వాళ్లలో ఒకే రకం తంతువులు గుంపులు గుంపులుగా కనిపించాయి. మామూలుగా వేగంగా ముడుచుకునే రకం, నెమ్మది రకం రెండూ కలగాపులగంగా ఉంటాయి. గుంపులున్నాయంటే ఒక్క నాడీకణమే చుట్టుపక్కల తంతువుల్ని దత్తత తీసుకుందన్నమాట.

ఇక్కడ నా ట్రాన్స్‌ఫార్మరు పోలిక ఒకచోట చెడుతుంది. ఆ చెడేచోటే అసలు రుచి. బోరు మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మరు కిందకి మారినా అదే మోటారు. కండర తంతువు అలా కాదు. 1960లో బుల్లర్, జాన్ ఎకిల్స్, ఆయన కూతురు రోసమండ్ ముగ్గురూ పిల్లులకు నరాలు కోసి అటుది ఇటు, ఇటుది అటు కలిపారు. వేగంగా ముడుచుకునే కండకు నెమ్మది నరం అతికిస్తే ఆ కండ నెమ్మది కండ అయిపోయింది. ముసలితనంలోనూ ఇదే జరుగుతుంది. ఎక్కువగా పోయేవి వేగపు పెద్ద నాడీకణాలు. వాటి తంతువుల్ని దత్తత తీసుకునేవి నెమ్మది రకం. దానివల్ల ఓపిక నిలుస్తుంది గానీ చురుకు తగ్గుతుంది. చురుకెందుకు? గడప తగిలి తూలినప్పుడు రెండో కాలు ముందుకేసి నిలదొక్కుకోవడానికి అర సెకను కూడా ఉండదు. ఆ పని నెమ్మది తంతువుల వల్ల కాదు. మీ ఇంటావిడ భయపడే తుంటి విరగడం మొదలయ్యేది అక్కడే.

సైకిలు తొక్కేవాళ్లు చాలామంది ఈ వేగపు నాడీకణాల్ని అసలు తట్టి లేపరు. ఎల్వుడ్ హెన్నెమన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1950, 60ల్లో ఒక నియమం కనిపెట్టాడు. మెదడు కండను పిలిచేటప్పుడు ముందు చిన్న నాడీకణాలే లేస్తాయి. వాటితో పని కాకపోతేనే, బలం పెంచాల్సి వస్తేనే పెద్దవి లేస్తాయి. లైన్‌మన్ ముందు చిన్న పెట్టెలే ఆన్ చేస్తాడు, లోడు సరిపోకపోతేనే 100 కేవీఏ దగ్గరికి పోతాడు. చదును రోడ్డు మీద చల్లగా తొక్కుకుంటూ పోతే పెద్ద పెట్టె స్విచ్చు మీద ఎప్పుడూ చెయ్యి పడదు.

లెక్క వేసి చూద్దాం. మీరు 60 కిలోలు, మీ పాత సైకిలు 20 కిలోలు. గంటకు 12 కిలోమీటర్ల వేగం. చదును రోడ్డు, గాలి లేదు. టైరు రాపిడికి, గాలిని చీల్చడానికి కలిపి సుమారు 33 వాట్లు చాలు. గేరు లేని సైకిలు పెడల్ ఒక చుట్టుకు దాదాపు 5 మీటర్లు ముందుకు పోతుందనుకుంటే, పెడల్ మీద సగటు బలం 5 కిలోల బరువంత. మార్కెట్టు నుంచి కూరగాయల సంచి తెచ్చినంత కూడా కాదు. ఇప్పుడు నూరు మీటర్లకు మూడు మీటర్లు లేచే ఎక్కుడు పెట్టండి. అదే వేగంతో పోవాలంటే 110 వాట్లు దాటుతుంది. పెడల్ మీద సగటు బలం 16 కిలోలు, కాలు బలంగా కిందికి నొక్కే క్షణంలో 25 కిలోల దాకా. చిన్న పెట్టెలు చాలవు, పెద్దవి లేవక తప్పదు. నెమ్మదిగా తిరిగే పెడల్‌ను గట్టిగా నొక్కితే మోకాలి మీద బలం కూడా కాస్త పెరుగుతుంది, అయినా నడకను మించదు.

అనంతపురంలో ఎక్కుడు వెతుక్కోవడం కష్టం కాదు. గుట్టల సీమ. పట్టణంలో రైల్వే ఓవర్‌బ్రిడ్జి కూడా ఎక్కుడే. ఏదీ దొరక్కపోతే ఆషాఢం గాలి ఉంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే నీళ్లు దింపేసుకుని మన మీదికి గాలి మాత్రం పంపుతాయి. వాన తేలేని ఆ గాలే రామగిరి కొండల మీద గాలిమరల్ని తిప్పుతుంది. గాలి నిరోధం, గాలికీ మనకీ ఉన్న తేడా వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 12తో పోతే, గాలి దృష్టిలో మీ వేగం 32. లెక్క కడితే అదనంగా 22 న్యూటన్లు (న్యూటన్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం) వస్తుంది. మూడు శాతం ఎక్కుడులో గురుత్వాకర్షణ వెనక్కి లాగేది 23.5 న్యూటన్లు. దాదాపు ఒకటే. కాబట్టి ఎదురుగాలిని తిట్టుకోకండి, అది ఖర్చు లేని కొండ. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి పెట్టుకుంటే అలసిపోయి తిరిగొచ్చే బాధ కూడా ఉండదు.

ఎక్కుడు రోజంతా తొక్కమనడం లేదు. ఫ్రాన్సులో రాబర్ట్ మార్షాండ్ అనే ఆయన 1911లో పుట్టి 109 ఏళ్లు బతికాడు. 2012లో, వందేళ్లు దాటాక, గంటలో 24 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. రెండేళ్ల తర్వాత దాన్ని 26.9కి పెంచాడు. వెరోనిక్ బియా అనే శాస్త్రవేత్త ఆయన సాధనను పరిశీలించింది. ఏటా 5,000 కిలోమీటర్లు, అందులో ఐదింట నాలుగు వంతులు తేలిగ్గా, ఒక్క వంతు గట్టిగా. ఆ రెండేళ్లలో ఆయన ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కి పెరిగింది. వందేళ్లు దాటాక పెరిగింది! మీరు కూడా అదే పాళ్లు పెట్టుకోవచ్చు. అరగంట తొక్కితే అందులో ఐదారుసార్లు నిమిషం చొప్పున ఎక్కుడు, మధ్యలో మాట్లాడగలిగేంత నెమ్మది. వారానికి రెండు, మూడు రోజులు అలా చేస్తే చాలు. గుండె నిమిషానికి ఇన్నిసార్లు కొట్టుకోవాలనే సూత్రాలు పట్టించుకోకండి. బీపీకి వేసే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని బిగించేస్తాయి, లెక్క తప్పుతుంది. రెండు మాటలు పలికి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అదే గట్టి తొక్కుడు. ఛాతీలో బరువు, దవడకో చేతికో లాగుడు, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. ఇన్నేళ్ల తర్వాత మొదలుపెడుతున్నారు కాబట్టి ఎక్కుడు జోలికి పోకముందే ఒకసారి గుండె చూపించుకోండి.

బ్రిటన్‌లో 55 నుంచి 79 ఏళ్ల మధ్య 125 మంది సైకిలు మనుషుల్ని పరిశీలించినప్పుడు కండబలం తగ్గలేదని, రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుర్రవాళ్లలోలాగే పనిచేస్తోందని 2018లో వెల్లడించారు. పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. కాకపోతే వాళ్లలో మగవాళ్లంతా 100 కిలోమీటర్లు ఆరున్నర గంటల్లోపు తొక్కగలిగినవాళ్లు. ఆరోగ్యం ఉన్నవాళ్లే అంత తొక్కగలరు కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ ఒక్క పరిశీలనతో తేలదు.

ఎముకల విషయంలో సైకిలు పనికిరాదు. సీటు బరువు మోస్తుంది కాబట్టి మోకాలికి మేలు, అదే కారణంగా వెన్నెముకకు, తుంటికి పని లేదు. అందుకని కాస్త నడవండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి. తిండిలో సంగటి ఒక్కటే చాలదు. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, గుప్పెడు చెనిక్కాయలు కలపండి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మీ డాక్టరే వేయాలి. ఎండాకాలంలో ఎండెక్కకముందే ముగించాలి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం మందగిస్తుంది, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు జేబులో చక్కెర పొట్లం పెట్టుకోవాలి.

చివరగా సీటు. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. చాలామంది కాళ్లు నేలకు ఆనాలని సీటు బాగా దించుకుంటారు. దానివల్ల మోకాలు ఎక్కువగా వంగి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. సైకిలు వల్ల మోకాళ్లు నొస్తున్నాయనేవాళ్లు చాలాసార్లు పొట్టి సీటు మీద కూర్చున్నవాళ్లే. కానీ సీటు ఎత్తు చేస్తే ఎక్కడం, దిగడం కష్టం. పెద్దవాళ్లు చాలాసార్లు పడేది కాలు వెనక నుంచి తిప్పి దాటించే ఆ క్షణంలోనే. దానికి మందు లేడీస్ సైకిలు. మధ్యలో అడ్డకడ్డీ ఉండదు, కాలు ముందు నుంచే దాటుతుంది. హెడ్మాస్టరుగా చేసిన మనిషికి నామోషీ అనిపిస్తే, కోడలి కోసం కొన్నానని చెప్పుకోండి, పొద్దున పూట మీరు తొక్కండి.