"ఇచ్చేశారు" కాదు, "ఇస్తామన్నారు": రిసీవర్ల కాంట్రాక్టులపై అపోహలు, వాస్తవాలు

మార్చి రెండో వారం వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా నా ఫోన్‌లో ఛార్జింగ్ ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్లు వేరే టీమ్‌కి వెళ్లగలిగే సమయం) మొదలవుతుంది, ఏదో ఒక టీమ్ ఇంకా ఏమీ నిరూపించుకోని రిసీవర్‌ని (విసిరిన బంతిని పట్టుకుని పరిగెత్తేవాడిని) తెచ్చుకుంటుంది, వాడి పేరు పక్కన కళ్లు తిరిగే అంకె ఒకటి కనబడుతుంది, ఇక ఫ్రిస్కోలో ఉండే మా బావమరిదితో మొదలుపెట్టి పాత రూమ్మేట్ల దాకా అందరిదీ ఒకటే గోల. "ఒక్క సీజన్లో కూడా వెయ్యి యార్డులు దాటలేదు బావా, వాడికి అంత ఇచ్చేశారేంటి? ఇంకో నాలుగేళ్లు ఆ టీమ్ పని అయిపోయినట్టే." (యార్డులంటే బంతి పట్టుకుని ముందుకు తెచ్చిన దూరం.) ఫ్రిస్కో అంటే డల్లాస్ టీమ్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ఊరు, మనవాళ్లు గుంపులుగా ఉండే ఊరు కూడా. అందుకే ఈ గోల నాకు తెలుగులోనే ఎక్కువ వినబడుతుంది.

నేను డల్లాస్ దగ్గర ఒక చిన్న అకౌంటింగ్ ఆఫీసులో పనిచేస్తాను. మా క్లయింట్లలో పది పన్నెండు మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు, చాలామంది పేర్లు మీరు విని ఉండరు. వాళ్ల కాంట్రాక్టు చదివి ఏ నెలలో ఎంత వస్తుంది, అందులో పన్ను ఎంత పోతుంది, చివరికి చేతిలో ఎంత మిగులుతుంది అని చెప్పడమే నా పని. ఆట గురించి నాకంటే మా బావమరిదికే బాగా తెలుసు, అది ఒప్పుకుంటాను. కానీ ఈ "ఇచ్చేశారు" అనే మాట వినగానే నాకు చిరాకు వస్తుంది, ఎందుకంటే తప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

అపోహ: నాలుగేళ్లకు 72 మిలియన్లు ఇచ్చేశారు

2022 మార్చిలో జాక్సన్‌విల్ జాగ్వార్స్ క్రిస్టియన్ కర్క్‌ని తీసుకుంది. నాలుగేళ్లు, 72 మిలియన్ డాలర్లు. అరిజోనాలో నాలుగు సీజన్లు ఆడాడు, వాటిలో బాగా ఆడినది 2021, అప్పుడు కూడా 982 యార్డులే. ఎంత నవ్వారో గుర్తుందా? పైగా మొదటి రోజు వార్తల్లో "84 మిలియన్ల వరకు" అని వేశారు. ఈ "వరకు" ఉంది చూశారూ, అది ఆషాఢం సేల్ బోర్డు మీద "70 శాతం వరకు తగ్గింపు" అని రాసినప్పుడు చీమ తలంత సైజులో ఉంటుందే, అదే "వరకు". అన్ని బోనస్ షరతులూ నెరవేరితే వచ్చే అంకె అది. వార్త మోసినవాళ్లలో సగం మంది ఆ మాట తీసేసి అంకె మాత్రం మోశారు.

గ్యారంటీ ఉన్నది 37 మిలియన్లకు. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాది ఎప్పుడు వస్తుంది? ఆ ఏడాది మార్చిలో కూడా అతను టీమ్‌లో ఉంటే వస్తుంది. ఉంచాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. మన ఐటీ వాళ్లకి ఇది వేరే చెప్పాలా అనిపిస్తుంది నాకు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ప్యాకేజీ 32 లక్షలంటారు, అందులో జాయినింగ్ బోనస్ ఎంత, వేరియబుల్ ఎంత, నెలకి చేతికొచ్చేదెంత అని అమ్మాయి వాళ్ల బాబాయి అడిగేదాకా ఎవరూ విప్పరు. ఇళ్లల్లో అంత తెలివిగా ఉండే మనం రిసీవర్ జీతం దగ్గరికొచ్చేసరికి పెద్ద అంకె చూసి పడిపోతాం.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే అదే నెలలో ఇంకో రిసీవర్ డవాంటే ఆడమ్స్ రైడర్స్ టీమ్‌కి వెళ్లాడు. అతను నిరూపించుకున్నవాడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఐదేళ్లు, 140 మిలియన్లు, అంటే ఏడాదికి 28 అని పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది. కాగితం తెరిస్తే చివరి రెండేళ్లకు, అంటే 2025, 2026 సీజన్లకు, ఏడాదికి 36 మిలియన్ల చొప్పున పేర్చి పెట్టారు, దానికి గ్యారంటీ లేదు. మొదటి మూడేళ్లకు ఏడాదికి 22, 23 మిలియన్లే పడ్డాయి. ఆ చివరి రెండేళ్ల డబ్బు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు. 2024 అక్టోబర్‌లో జెట్స్‌కి పంపేశారు, 2025 మార్చిలో జెట్స్ వదిలేసింది, అతను రామ్స్‌తో కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆడమ్స్ చివరి రెండేళ్ల ఆ 72 మిలియన్లు కాగితం మీదే పుట్టి కాగితం మీదే పోయాయి.

మరి అలా ఎందుకు రాస్తారు అంటే, పెద్ద అంకె ఏజెంటుకి పనికొస్తుంది. రేపు కాలేజీ నుంచి వచ్చే కుర్రాడికి "నా క్లయింటుకి ఎంత తెచ్చానో చూడు" అని చూపించుకోవచ్చు. ఆటగాడికీ గర్వంగా ఉంటుంది. టీమ్‌కి ఖర్చేమీ లేదు. ముగ్గురికీ లాభమే, నమ్మేవాళ్లకే నష్టం.

ఇందాకటి జాగ్వార్స్ సంగతికి వస్తే, కర్క్ ఆ 2022లో 84 క్యాచ్‌లు, 1,108 యార్డులు, 8 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటిస్తే వచ్చే స్కోరు). అంతకుముందు ఏడాది 3 గెలిచి 14 ఓడిన టీమ్ 9 గెలిచి 8 ఓడి తన డివిజన్ (నాలుగు టీమ్‌ల గుంపు) గెలిచింది, నాకౌట్ దశ ప్లేఆఫ్‌లో చార్జర్స్ మీద 27-0 వెనకబడి 31-30తో నెగ్గింది. కొత్త కోచ్ డగ్ పీడర్సన్, రెండో ఏడాది ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) ట్రెవర్ లారెన్స్, వీళ్ల భాగం చాలా ఉంది, ఒక్క రిసీవర్ వల్లే అంటే నేనూ నవ్వుతాను. ఆ తర్వాత 2023లో గాయం, 2024లో కాలర్ బోన్ విరిగింది, 2025 మార్చిలో ఒక ఏడో రౌండ్ పిక్‌కి (కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో చివరి రౌండ్ వంతు) హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. నాలుగో ఏడాది జాక్సన్‌విల్‌లో ఆడనేలేదు. బావమరిది మెసేజ్ పెట్టాడు, "చూశావా బావా, నేను అప్పుడే చెప్పా." ఏం చెప్పాడు? నాలుగేళ్లు టీమ్ మునిగిపోతుందన్నాడు. టీమ్ నాలుగేళ్లు మోయలేదు కదా, దులుపుకుంది. అసలు విషయమే అది.

ఇక్కడ ఇంకో పేరు చెప్పాలి. కెన్నీ గాలడే. 2021లో జయంట్స్ ఇతనికి కూడా నాలుగేళ్లు, 72 మిలియన్లే, గ్యారంటీ 40. ఇతను నిరూపించుకున్నవాడు, డెట్రాయిట్‌లో రెండుసార్లు వెయ్యి యార్డులు దాటాడు, 2019లో 11 టచ్‌డౌన్లతో లీగ్‌లో రిసీవర్లందరి కంటే ముందున్నాడు. జయంట్స్‌లో రెండు సీజన్లు కలిపి 43 క్యాచ్‌లు, ఒకే ఒక్క టచ్‌డౌన్. 2023 మార్చిలో తీసేశారు. అదే అంకె, అవే ఏళ్లు. నిరూపించుకోనివాడు ఒక సీజనైనా నిలబెట్టాడు, నిరూపించుకున్నవాడి వల్ల ఆ పాటి కూడా కాలేదు.

కాబట్టి కాంట్రాక్టు చూడగానే అడగాల్సింది "ఎంత?" అని కాదు, "వచ్చే మార్చిలో తీసేస్తే ఎంత?" అని. సంతకం పెట్టినందుకిచ్చే సైనింగ్ బోనస్ ఒకేసారి చేతికిచ్చినా క్యాప్ (టీమ్ ఏడాదికి జీతాల మీద పెట్టగల గరిష్ఠ మొత్తం) లెక్కలో ఐదేళ్ల దాకా పరుచుకోవచ్చు. ఉదాహరణకి నాలుగేళ్ల కాంట్రాక్టులో 20 మిలియన్ల బోనస్ ఉంటే ఏడాదికి 5 చొప్పున రాస్తారు, రెండేళ్లయ్యాక తీసేస్తే మిగిలిన 10 క్యాప్ మీద పడుతుంది. డెడ్ మనీ అనేది అదే. నొప్పే, కాదనను, కానీ 72 మిలియన్ల నొప్పి కాదు. పైగా క్యాప్ ఏటా పెరుగుతోంది, 2022లో 208.2 మిలియన్లు, 2025లో 279.2. ఏడాదికి 18 మిలియన్లంటే అప్పుడు క్యాప్‌లో ఎనిమిదిన్నర శాతం పైనే, 2025లో ఆరున్నర శాతం కూడా కాదు.

అభిమానులు ఈ అంకె చూసి టెన్షన్ పడితే పోయేదేమీ లేదు, రెండు రోజులు అన్నం సయించదు, అంతే. ఈ అపోహ నిజంగా ఎవరి కొంప ముంచుతుందో చెబుతాను.

2024లో ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. తూర్పు టెక్సస్‌లో ఒక చిన్న ఊరు. రిసీవర్. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఆ రాత్రే ఒక టీమ్ ఫోన్ చేసి పిలిచింది. వాళ్ల ఊళ్లో "మూడేళ్లకు 2.8 మిలియన్లు" అని పాకిపోయింది. అంకె అబద్ధం కాదు. మూడేళ్ల కనీస జీతాలు కూడితే అంతే వస్తుంది, మొదటి ఏడాదికి 7,95,000 డాలర్లు. కాకపోతే ఆ జీతం సీజన్ మొదలయ్యాక వారం వారం, 18 వారాలు, 53 మంది జాబితాలో ఉన్నవాళ్లకే పడుతుంది. సీజన్‌కి ముందు జరిగే క్యాంపుకి వెళ్లేది 90 మంది. ఇతనికి గ్యారంటీగా ఉన్నది 10 వేల డాలర్ల సైనింగ్ బోనస్ ఒక్కటే, పన్నులు పోను చేతికొచ్చింది ఏడు వేలు.

జూన్‌లో వాళ్ల మేనమామ ఈమెయిల్ పెట్టాడు, ట్రక్కు లోన్‌కి జీతం కాగితం కావాలని. నేను ఉన్నది ఉన్నట్టు జవాబు రాశాను, గ్యారంటీ లేదు, జాబితాలో ఉంటేనే అని, మా ఆఫీసు భాషలో, నాలుగు పేరాల్లో. ఫోన్ చేయలేదు. ఆ సీజన్లో రోజుకి అలాంటివి ఇరవై వస్తాయి, రాశాను కదా అనుకున్నాను. ఆ నాలుగు పేరాలు అక్కడ ఎవరూ చదవలేదు. కాగితం సంగతి ఎలా సర్దుకున్నారో తెలియదు గానీ ట్రక్కు వచ్చింది. వాళ్లమ్మ నర్సింగ్ హోమ్‌లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న నైట్ డ్యూటీ మానేసింది. ఆగస్టు చివర్లో కుర్రాడిని తీసేశారు. వారానికి పన్నెండున్నర వేలు వచ్చే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (జాబితా బయట సాధనకి ఉంచుకునే బృందం) కూడా ఎవరూ పిలవలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఆవిడే నాకు ఫోన్ చేసి చాలా మర్యాదగా అడిగింది, మరి మిగతా డబ్బు ఏ నెలలో వేస్తారండీ అని.

ఆ ఫోన్ పెట్టేశాక కారులో కూర్చుని ఇంటికి వెళ్లడానికి నాకు చాలాసేపు పట్టింది. తప్పు లీగ్‌ది కాదు, ఆవిడది అసలే కాదు. అప్పట్నుంచి కొత్త కుర్రాడు ఎవరొచ్చినా మొదటి కాగితం పైన ఎర్ర పెన్నుతో ఒకటే అంకె రాసి, ఇంట్లో పెద్దవాళ్లని ఫోన్‌లోకి పిలిచి చదివి వినిపిస్తాను: రేపు తీసేస్తే ఎంత. ఆ అంకె చాలాసార్లు ఒక పాత కారు ధర కూడా ఉండదు. కొందరు నా మీద కోప్పడతారు, మావాడి మీద నమ్మకం లేదా అంటారు. పడనీ.

మిగతా అపోహలు కూడా తొందరగా చెప్పేస్తాను, వీటి గురించి గంటలు గంటలు మాట్లాడే ఓపిక నాకు లేదు.

అపోహ: యార్డులు లేవంటే సత్తా లేదనే. యార్డులు రావాలంటే ముందు బంతి రావాలి. వెస్ వెల్కర్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2006లో మయామీలో 687 యార్డులు, ఒక టచ్‌డౌన్. మరుసటి ఏడాది న్యూ ఇంగ్లండ్‌లో టామ్ బ్రేడీ బంతి వేస్తుంటే 112 క్యాచ్‌లు. అందరూ వెల్కర్లు కారు, నిజమే. టీమ్ ఏ పనికి తీసుకుందో చూడకుండా అంకెలు మాత్రం చూడొద్దంటున్నాను.

అపోహ: వేగం ఉంటే చాలు. 2017 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే పరీక్షలు) జాన్ రాస్ 40 యార్డులు 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి అదే రికార్డు, బెంగాల్స్ తొమ్మిదో పిక్‌లో తీసుకుంది. కెరీర్ మొత్తం కలిపినా వెయ్యి యార్డులు రాలేదు. అదే డ్రాఫ్ట్‌లో 4.62 పరిగెత్తిన కూపర్ కప్ మూడో రౌండ్‌లో పోయాడు, 2021లో 1,947 యార్డులు చేశాడు. ఇంకేం చెప్పాలి.

అపోహ: క్యాంపులో అదరగొడుతున్నాడట. ఆగస్టులో అందరూ అదరగొడతారు. వదిలేయండి.

అపోహ: 72 మిలియన్లంటే మన డబ్బులో ఇన్ని వందల కోట్లు. దయచేసి ఈ గుణింతం ఆపండి. ఫెడరల్ పన్ను పోవాలి, ఏజెంటుకి మూడు శాతం దాకా పోవాలి, టెక్సస్‌లో ఫ్లోరిడాలో రాష్ట్ర పన్ను లేకపోయినా కాలిఫోర్నియా వెళ్లి మ్యాచ్ ఆడితే ఆ రోజుల లెక్కన అక్కడా కట్టాలి. ఆ ఫారాలన్నీ నింపేది నేనే కాబట్టి చెబుతున్నాను.

జెర్సీ కొనొచ్చా అని అడుగుతారు కొందరు. నాలుగేళ్లు అన్నారు కదా, డబ్బు వృథా కాదులే అనుకుంటారు. మా బావమరిది అల్మారాలో నాలుగు జెర్సీలున్నాయి, నాలుగూ టీమ్ మారిపోయిన వాళ్లవే. వాటిని శనివారం పొద్దున పెరట్లో గడ్డి కోసేటప్పుడు వేసుకుంటాడు.