హై స్ట్రీట్ ఎందుకు ఖాళీ అయింది: బ్రిటన్ ఊరి బజార్ల వెనక కథ

ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల చేతికి 2024 డిసెంబర్ 2న ఒక కొత్త అధికారం వచ్చింది. ఊరి ప్రధాన బజారులో, అంటే హై స్ట్రీట్‌లో, ఏదైనా షాపు ఏడాదికి పైగా ఖాళీగా పడి ఉంటే దాని లీజును కౌన్సిలే వేలం వేయవచ్చు. ఓనరు ఒప్పుకోకపోయినా సరే. లీజు ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ఉంటుంది. ఇంతకు తగ్గకూడదని కనీస అద్దె అంటూ ఏమీ పెట్టరు. ఒకరి ఆస్తి జోలికి ఇంకొకరు రాకూడదని గట్టిగా నమ్మే దేశం ఇంత దూరం వచ్చిందంటే, అంతకుముందు ఎన్ని అవకాశాలు చేజారిపోయాయో అర్థం చేసుకోవచ్చు.

హై స్ట్రీట్ ఎందుకు దెబ్బతిందని అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు ఆన్‌లైన్. అందులో నిజం ఉంది. 2008లో బ్రిటన్ రిటైల్ అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా నూటికి 5 దగ్గర ఉండేది. కోవిడ్‌కి ముందు, 2020 మొదట్లో, 20కి చేరువైంది. లాక్‌డౌన్ నడుస్తున్న 2021 జనవరిలో 35 దాటింది. ఆ తర్వాత కాస్త తగ్గినా 25కి పైనే నిలబడింది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరదు. డడ్లీ అనే ఇంగ్లండ్ పట్టణంలో బజారు చతికిలబడింది 1990 ప్రాంతంలో. అప్పటికి ఇళ్లలో ఇంటర్నెట్టే లేదు. ఊరూరా షాపులున్న వూల్‌వర్త్స్ సంస్థ 2009 మొదట్లో మూతపడిన నాటికి కూడా జనం ప్రతి వంద పౌండ్లలో 95 దాకా షాపుల్లోనే ఖర్చు పెడుతున్నారు.

డడ్లీ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బర్మింగ్‌హామ్‌కి పశ్చిమాన ఉన్న పాత పారిశ్రామిక పట్టణం అది. దాని పక్కనే బ్రయర్లీ హిల్‌లో రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారం ఉండేది. 1982లో మూతపడింది. ఉపాధి పోయిన ప్రాంతాలకు పెట్టుబడులు రప్పించాలని అప్పటి ప్రభుత్వం ఎంటర్‌ప్రైజ్ జోన్లు పెట్టింది. జోన్‌లో కట్టిన వ్యాపార భవనాలకు పదేళ్ల పాటు ఆస్తి పన్ను లేదు, ప్లానింగ్ అనుమతుల తిప్పలూ తక్కువే. ఫ్యాక్టరీలు వస్తాయని అనుకున్నారు. వచ్చింది మెర్రీ హిల్ అనే భారీ షాపింగ్ సెంటర్. కారు ఆపుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. 1990 కల్లా మార్క్స్ అండ్ స్పెన్సర్ లాంటి పెద్ద షాపులు డడ్లీ బజారులో బోర్డు దింపేసి అక్కడికి తరలిపోయాయి. పెద్ద షాపు కోసం వచ్చిన మనిషే పక్కన చెప్పుల షాపులోనూ బేకరీలోనూ కొనేవాడు. ఆ మనిషి రావడం మానేశాడు. కొద్ది మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్లలో ఒకదానికి పన్ను మాఫీ ఇచ్చి, రెండోదాని దగ్గర పూర్తి పన్ను వసూలు చేశారు. దాన్ని పోటీ అని ఎలా అంటాం?

డడ్లీ ఒక్కటే కాదు. గేట్స్‌హెడ్‌లో పవర్ స్టేషన్ బూడిద పోసిన నేల మీద 1986లో మెట్రో సెంటర్ అనే షాపింగ్ సెంటర్ వచ్చింది. షెఫీల్డ్‌లో ఉక్కు కర్మాగారాలు నిలిచిన చోట 1990లో మెడోహాల్ వచ్చింది. పని పోయిన చోటల్లా షాపింగ్ పెట్టుకుంటూ పోయారు. అంతకు చాలా ముందే, 1964లో, తయారీదారు చెప్పిన ధరకే అమ్మాలన్న పద్ధతిని చట్టం చాలామటుకు ఎత్తేసింది. టోకున కొని ధర తగ్గించే సూపర్ మార్కెట్లకు దారి అప్పుడే తెరుచుకుంది. వాటికి పెద్ద స్థలం, పెద్ద పార్కింగ్ కావాలి కాబట్టి అవీ ఊరి అంచుకే చేరాయి.

ప్రభుత్వానికి తెలిసిరావడానికి టైమ్ పట్టింది. కొత్త షాపింగ్ సెంటర్ కట్టాలంటే ముందు ఊరి నడిబొడ్డున స్థలం చూడాలి, దొరకకపోతే దాని అంచున, అక్కడా లేకపోతేనే ఊరి బయట అన్న నియమం 1996లో వచ్చింది. మంచి నియమమే. కానీ అప్పటికే అనుమతులు చేతిలో ఉన్నవాళ్లు కట్టుకుంటూ పోయారు. మాంచెస్టర్ పక్కన ట్రాఫర్డ్ సెంటర్ మీద నడిచిన వివాదం అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 1995లో కట్టేవాళ్లకు అనుకూలంగా తేలింది. 1998లో అది తెరుచుకుంది. మరుసటి ఏడాది కెంట్‌లో పాత సుద్ద గనిలో బ్లూవాటర్ అనే మరో షాపింగ్ సెంటర్ తెరిచారు.

ఇక ఊరి బజారులో మిగిలిన షాపు మీద రెండు బరువులు పడ్డాయి. ఒకటి పన్ను, రెండోది అద్దె. నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడే ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

ఆ పన్ను పేరు బిజినెస్ రేట్స్. షాపుకి లాభం వచ్చిందా నష్టం వచ్చిందా అన్నది దానికి అనవసరం. ఆ భవనానికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి, దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తారు. దేశమంతటికీ ఒకే గుణకం 1990లో మొదలైనప్పుడు ఇంగ్లండ్‌లో పౌండుకు 34.8 పెన్స్. 2024-25కి చిన్న షాపులకే 49.9 పెన్స్ అయింది. అంటే అంచనా అద్దె 20,000 పౌండ్లు ఉన్న షాపు, రాయితీలు తీసేస్తే, 9,980 పౌండ్లు కట్టాలి. అసలు అద్దె దీనికి అదనం.

అప్పట్లో అంచనాలను అయిదేళ్లకోసారి సవరించాల్సి ఉండేది. 2010లో సవరించినప్పుడు 2008 ఏప్రిల్ నాటి అద్దెలను లెక్కలోకి తీసుకున్నారు. అవి బ్యాంకులు కూలడానికి కొద్ది నెలల ముందు నాటి అద్దెలు, ఆకాశాన్ని అంటుతున్నవి. సంక్షోభం వచ్చాక ఉత్తర ఇంగ్లండ్ పట్టణాల్లో అద్దెలు బాగా పడిపోయాయి. 2015లో మళ్లీ సవరించాల్సింది, ప్రభుత్వం 2017కి వాయిదా వేసింది. అంటే గిరాకీ తగ్గిన ఊళ్లలోని షాపులు ఏళ్ల తరబడి మంచి రోజుల లెక్కన పన్ను కట్టాయి. 2017లో సవరించాక కూడా, పన్ను ఒక్కసారిగా తగ్గకుండా ఏటా ఇంతకన్నా తగ్గకూడదని పరిమితి పెట్టారు. మిగతా చోట్ల పెరుగుదలను మెల్లగా వేయడానికి అయ్యే ఖర్చు ఆ రకంగా రాబట్టారు. ఆ పరిమితిని ఎత్తేసింది 2023లో. ఇది ఏ ఆన్‌లైన్ కంపెనీ చేసిన పని కాదు.

అద్దె సంగతి ఇంకా ముడి. షాపుల లీజులు పాతికేళ్ల దాకా ఉండేవి. అయిదేళ్లకోసారి అద్దె సమీక్ష, అదీ పైకే తప్ప కిందికి రాదని లీజులోనే షరతు. తర్వాత లీజుల కాలం తగ్గింది కానీ షరతు అలాగే ఉండిపోయింది. ఓనర్లలో చాలామంది పెన్షన్ ఫండ్లు, ఆస్తుల కంపెనీలు. అద్దెను బట్టే భవనం విలువ కడతారు. ఏడాదికి 50,000 పౌండ్ల అద్దె వచ్చే భవనాన్ని 5 శాతం రాబడి లెక్కన 10 లక్షల పౌండ్లుగా చూపించి, దాని మీద అప్పు తెచ్చారనుకుందాం. కొత్తగా వచ్చినవాళ్లు 30,000కి మించి ఇవ్వలేమంటే, ఒప్పుకున్న రోజునే భవనం విలువ 6 లక్షలకు పడిపోతుంది. బ్యాంకు ఊరుకోదు. అందుకని చాలామంది ఓనర్లకు షాపును తగ్గించి ఇవ్వడం కన్నా ఖాళీగా ఉంచడమే మేలనిపించింది. ఖాళీ షాపుకి మూడు నెలల తర్వాత పూర్తి పన్ను పడుతుంది కదా అంటే, దానికీ దారి ఉండేది. ఆరు వారాలు ఎవరో ఒకరి సామాను అందులో పెట్టించి ఖాళీ చేయిస్తే మళ్లీ మూడు నెలలు మినహాయింపు వచ్చేది. ఆ ఆరు వారాలను పదమూడు చేసింది 2024 ఏప్రిల్‌లోనే.

వీటన్నిటి మధ్య 2008 నవంబర్‌లో వూల్‌వర్త్స్ దివాలా తీసింది. 1909లో లివర్‌పూల్‌లో మొదటి షాపు తెరిచిన సంస్థ. కావాల్సిన చాక్లెట్లూ స్వీట్లూ ఏరి సంచిలో వేసుకుని తూకం వేయించుకునే పిక్ అండ్ మిక్స్ కోసం పిల్లలు ఎగబడేవాళ్లు. 2009 జనవరి 6 నాటికి 807 షాపులూ మూతపడ్డాయి, 27,000 మంది ఉద్యోగాలు పోయాయి. చాలా ఊళ్లలో బజారు మధ్యలో ఉండే అతి పెద్ద షాపు అదే. తర్వాత 2016లో బీహెచ్‌ఎస్, 2021లో డెబెన్‌హామ్స్, 2023లో విల్కో అనే పెద్ద షాపుల చైన్లూ అదే దారి పట్టాయి. 2015 నుంచి చూస్తే 6,000కి పైగా బ్యాంకు శాఖలు మూతపడ్డాయి. రోజు వసూళ్లు జమ చేయడానికి చిన్న షాపువాళ్లు పక్క ఊరికి పోవాల్సి వస్తోంది.

ప్రభుత్వం 2011లో రిటైల్ నిపుణురాలు మేరీ పోర్టస్‌తో సమీక్ష చేయించింది. ఆమె 28 సిఫారసులు చేశారు. 2012లో ముందుగా 12 ఊళ్లను ఎంపిక చేసి, అన్నిటికీ కలిపి 12 లక్షల పౌండ్లు ఇచ్చారు. ఊరికి లక్ష అన్నమాట. బుట్టల్లో పూలు, ఒకటి రెండు పండుగలు, కొన్ని తాత్కాలిక షాపులు. ఆ ఊళ్లవాళ్లు ప్రాణం పెట్టి పనిచేశారు, అది మరచిపోకూడదు. కానీ పన్నునీ లీజునీ ముట్టుకోకుండా లక్ష పౌండ్లతో బజారు నిలబడుతుందని ఆశపెట్టడం వాళ్లకు జరిగిన అన్యాయమే.

నిజంగా మారిన ఊళ్లలో జరిగింది వేరు. మాంచెస్టర్ దగ్గరి ఆల్ట్రింగమ్‌కి 1290 నుంచి సంత హక్కు ఉంది. ట్రాఫర్డ్ సెంటర్ దెబ్బకి 2010 ప్రాంతంలో నూటికి 30 దాకా షాపులు ఖాళీ. 2014లో పాత విక్టోరియన్ మార్కెట్ హాలును కొత్తగా తెరిచారు. చుట్టూ వంట చేసే స్టాల్స్, మధ్యలో అందరూ కలిసి కూర్చునే పొడవాటి చెక్క బల్లలు. చైన్ కంపెనీలకు చోటివ్వలేదు. మరుసటి ఏడాది కొత్త ఆసుపత్రి కూడా ఊరి నడిబొడ్డునే కట్టారు. కొనడానికి పనిలేని మనిషి కూడా బజారుకి వచ్చే కారణం దొరికింది. 2018లో ఇంగ్లండ్‌లో మేటి హై స్ట్రీట్‌గా పురస్కారం వచ్చింది. అయితే అది కలిగిన కుటుంబాలు చుట్టూ ఉన్న ఊరు. ప్రతి ఊళ్లోనూ ఒక ఫుడ్ హాలు పెడితే చాలనుకోవడం పొరపాటు.

అందుకే స్టాక్టన్ నాకు ఎక్కువ నచ్చుతుంది. పోర్టస్ మొదటి 12 ఊళ్లలో అదొకటి, ఈశాన్య ఇంగ్లండ్‌లోని శ్రామికుల పట్టణం. హై స్ట్రీట్‌కీ టీస్ నదికీ మధ్య 1970ల నాటి కాజిల్‌గేట్ షాపింగ్ సెంటర్ గోడలా నిలబడి, బజారులో ఉన్నవాళ్లకు నది కనిపించకుండా చేసింది. 2019లో కౌన్సిల్ దాన్ని కొనేసింది. అక్కడున్న షాపులకు బజారులోని మరో సెంటర్‌లో చోటు చూపించి, కాజిల్‌గేట్‌ని కూలగొట్టి, నది దాకా పార్కు వేయడం మొదలుపెట్టింది. బీటిల్స్ పాడిన గ్లోబ్ థియేటర్‌ని బాగుచేసి 2021లో తెరిచారు. ఊరికి అన్ని షాపులు అక్కర్లేదని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. కౌన్సిలే సొంతదారు కాబట్టి ఆ నిర్ణయం తీసుకోగలిగింది. వంద మంది ఓనర్ల మధ్య ఉన్న వీధిలో ఆ పని ఎవరు చేస్తారు?

2020 సెప్టెంబర్ నుంచి షాపుని కేఫ్‌గా, క్లినిక్‌గా, జిమ్‌గా మార్చడానికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ఇది మేలు చేసింది. 2021 నుంచి ఇళ్లుగా మార్చడాన్ని కూడా తేలిక చేశారు. పై అంతస్తుల్లో జనం కాపురం ఉంటే బజారుకి మంచిదే. కింది షాపు ముందుభాగమే ఇల్లయి కర్టెన్ పడితే, వరసలో పక్క షాపుకీ గిరాకీ తెగుతుంది. ఈ రెండిటికీ తేడా చూడకపోవడం తొందరపాటు.

లీజుల్లో అద్దె పైకే పోవాలన్న షరతును నిషేధించే ప్రతిపాదన 2025 జూలైలో బిల్లుగా పార్లమెంటుకి వచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి షాపులకు, హోటళ్లకు, రెస్టారెంట్లకు బిజినెస్ రేట్స్ గుణకం తగ్గించే ఏర్పాటు జరిగింది. కానీ అదే నెలలో అంచనాలు మళ్లీ సవరించి, కోవిడ్ నాటి నుంచి ఇస్తున్న రాయితీని ఆపేయాలన్నది కూడా అదే ఏర్పాటులో భాగం. అందుకని ఏ ఊళ్లో ఏ షాపుకి బిల్లు నిజంగా ఎంత తగ్గుతుందో విడివిడిగా చూసుకోవాల్సిందే. వేలం అధికారం వాడాలంటే ప్రతి షాపుకీ నోటీసులు, తనిఖీలు, ఓనర్ల అప్పీళ్లు ఉంటాయి. దానికి సిబ్బంది కావాలి. పదిహేనేళ్లుగా బడ్జెట్ కోతలు పడుతూ వచ్చిన కౌన్సిళ్లలో లేనిది సరిగ్గా ఆ సిబ్బందే.