ఆఫీసు మెయిల్‌లో 'వద్దు' నొక్కే ముందు

పిల్లలూ,

కంపెనీ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది, కావాలంటే జీతంలో నెలనెలా పట్టుకుని ఇంకొంత ఇస్తాం, ఫలానా తేదీలోపు చెప్పండి అని ఏటా మీ ఆఫీసుల్లో ఒక మెయిల్ వస్తుంది కదా, దాన్ని మీరు చదవకుండానే 'వద్దు' నొక్కేస్తున్నారంట. మీ అమ్మ చెప్పింది. అలా చేయొద్దు. ఆ తేదీ దాటితే మామూలుగా మళ్లీ ఏడాది దాకా అడగడానికి ఉండదు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా) కాగితాలు చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. అక్కడ జీతం 21,000 దాటనంతవరకు ఈఎస్ఐ ఉండేది, మనిషి దగ్గర నూటికి ముప్పావలా పట్టుకుంటారు, యజమాని 3.25 కడతాడు, వైద్యం దిగులుండదు. చందా లెక్క ఆరేసి నెలల విడతల్లో ఉంటుంది, జీతం ఆ గీత దాటిందంటే నడుస్తున్న విడత అయ్యాక చందా ఆగిపోతుంది, ఇంకొన్నాళ్లకు వైద్యమూ ఆగిపోతుంది. జీతం పెరిగిందని మిఠాయిలు పంచిన కుర్రాడికి ఈ సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

మీ విషయానికొస్తే, ముందు అమ్మానాన్నలను చేర్చండి. కంపెనీ పాలసీలో చాలాచోట్ల వాళ్లుండరు, మనమే డబ్బు కట్టి చేర్చుకోవాలి. ప్రీమియం ఎక్కువే, నిజమే. కానీ మీ నాన్నకు షుగరు, అమ్మకు బీపీ. బయట సొంతంగా తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు, ఆఫీసు గ్రూపు పాలసీల్లో ఎక్కువగా మొదటి రోజు నుంచే ఇస్తారు. కో-పే ఎంతో మాత్రం చూసుకోండి, నూటికి ఇరవై అని ఉంటే లక్ష బిల్లులో ఇరవై వేలు మన చేతి నుంచే పోతాయి.

తర్వాత టాప్-అప్, అంటే ఉన్న పాలసీ చాలనప్పుడు దాని పైన ఆదుకునే ఇంకో పాలసీ. ఇక్కడే అందరూ తికమక పడతారు. కంపెనీ పాలసీ 3 లక్షలు, దాని పైన 3 లక్షలు దాటాకే ఇచ్చే టాప్-అప్ తీసుకున్నారనుకోండి. నాన్న ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి ఒక్కోసారి 2 లక్షలు అయితే, మామూలు టాప్-అప్ ఒక్క రూపాయి ఇవ్వదు, ఎందుకంటే అది ఏ బిల్లుకు ఆ బిల్లే చూస్తుంది. సూపర్ టాప్-అప్ అయితే ఏడాది మొత్తం కలిపి 4 లక్షలు అని లెక్కేసి, ఆ పై లక్ష ఇస్తుంది. అందుకని 'సూపర్' అన్న మాట ఉందో లేదో చూసి తీసుకోండి.

గది అద్దె పరిమితి కూడా చూడండి. మన ఒంగోలు వాళ్లం కాస్త పెద్ద జబ్బంటే నెల్లూరో చెన్నైయో పోతాం, అక్కడ రోజుకు 10,000 గది అంటారు. మీ పాలసీ 5,000 దాకానే ఇస్తుందంటే అద్దెలో సగం పోవడమే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చుల్లో కూడా ఆ లెక్కన కోత పెట్టొచ్చు. మందులు, పరీక్షలు, లోపల అమర్చే ఇంప్లాంట్ల మీద ఆ కోత ఉండకూడదు. బిల్లు సెటిలయ్యేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుని అడగండి.

హైవే మీద బైకుల్లో తిరిగేవాళ్లు యాక్సిడెంట్ కవర్ వదలొద్దు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, అది ఈరోజే పెట్టించుకోండి.

ఇంకొకటి, ఇవన్నీ ఉద్యోగం ఉన్నంతవరకే. మానేసిన రోజుతో చాలావరకు ఆగిపోతాయి. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, రాజీనామా పెట్టకముందే హెచ్ఆర్‌ను అడగండి. వయసులో ఉన్నప్పుడే చిన్నదైనా సొంత పాలసీ ఒకటి పెట్టుకోవడం నా మటుకు నాకు తప్పనిసరి అనిపిస్తుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ కూడా లేదు.

ఈసారి మెయిల్ రాగానే నాకు వాట్సాప్‌లో పెట్టండి, కూర్చుని చదువుతా. ఈలోపు నాన్న ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడింది కదా, దాన్ని సరిచేయించండి, క్లెయిమ్ అప్పుడు అక్కడే ఆపుతారు.

మీ పెద్దమ్మ,
ఒంగోలు